జెండా, అచ్చు, తుఫాను గుర్తు: బందరు గడ్డ మీద బొమ్మల చదువు

ఇంటర్ ఫలితాలు రాగానే మన పేటల్లో వినిపించే పేర్లు నాలుగైదే. డిగ్రీ, నర్సింగ్, పాలిటెక్నిక్, టీచర్ ట్రైనింగ్, కాస్త ధైర్యం ఉన్నవాళ్లకు ఇంజనీరింగ్. విజువల్ కమ్యూనికేషన్ అనే చదువు ఒకటుందని, అందులో ఇన్ఫర్మేషన్ డిజైన్ అనే శాఖ ఉందని మన యానాది, ఎరుకల, సుగాలి పిల్లలకు చెప్పేవాళ్లు అరుదు. చెప్పినా "బొమ్మలేసుకునే చదువా?" అని పెద్దవాళ్లు పెదవి విరుస్తారు. అందుకే ఈ సంచికలో ఆ చదువు గురించి, అది మన కృష్ణా దిగువ డెల్టాలో ఎక్కడెక్కడ ఏయే రూపాల్లో ఉండేదో రాయాలనుకున్నాం.

ముందు ఆ చదువు ఏమిటో రెండు మాటల్లో. అక్షరం, బొమ్మ, రంగు, గుర్తు, పటం, పట్టిక, వీటితో ఒక విషయాన్ని అది అవసరమైన మనిషికి తప్పు లేకుండా, ఆలస్యం లేకుండా అందించడం. గుడివాడ జంక్షన్‌లో పసుపు పలక మీద మూడు భాషల్లో ఊరి పేరు రాసి ఉంటుంది. రైలు కదులుతుండగా కిటికీలోంచి చూసినా చదవగలిగేలా ఆ అక్షరం ఎంత పెద్దగా ఉండాలి, ఏ రంగు మీద ఏ రంగు ఉండాలి అని ఎవరో ఒకరు ఆలోచించి నిర్ణయించారు. మందు సీసా మీది చీటీ, కరెంటు బిల్లు, ఓటింగ్ యంత్రం మీది గుర్తు, రేషన్ దరఖాస్తు, అన్నీ అంతే. అందంగా ఉండటం తర్వాతి మాట. చూసినవాడికి అర్థమైందా లేదా అన్నది మొదటి మాట.

ఈ విద్య మన ప్రాంతానికి పైనుంచి దిగుమతి అయిందనుకుంటే పొరపాటు. మచిలీపట్నం కలంకారీనే చూడండి. పెడనలో ఇప్పటికీ టేకు చెక్క మీద అచ్చులు చెక్కుతారు. గీతకు ఒక అచ్చు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లంతో పులియబెట్టిన కసిమితో నలుపు వస్తుంది. పటిక అద్దిన చోట ఎరుపు పట్టుకుంటుంది. ఒక బొమ్మను రంగుల వారీగా విడదీసి, మళ్లీ గుడ్డ మీద ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చడం అన్నమాట. ఈనాడు ఆఫ్‌సెట్ ప్రెస్సులో నాలుగు రంగుల ప్లేట్లు చేసే పని కూడా ఇదే. డిజైన్ కళాశాలలో మొదటి ఏడాది కంప్యూటర్ మీద నేర్పే రంగుల విభజనను పెడన పనివాడు చెక్క మీద చేసి చూపిస్తాడు.

ఇందులో మనవాళ్ల చెయ్యి కూడా ఉంది, కానీ ఎవరూ చెప్పరు. రసాయన రంగులు రాకముందు ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. కోరమాండల్ తీరపు ఇసుక నేలల్లో దొరికే సన్నని వేరు అది. శ్రీహరికోట అడవుల్లో యానాదులు తవ్వి ఇచ్చిన అటవీ సరుకుల్లో తేనెతో పాటు చిరివేరు కూడా ఉండేది. కోరమాండల్ అద్దకాల గురించి రాసిన పుస్తకాల్లో డచ్చివారి పేరు, ఇంగ్లీషువారి పేరు, గోల్కొండ నవాబుల పేరు ఉంటాయి. వేరు తవ్వినవాడి పేరు మాత్రం మనమే రాసుకోవాలి.

ఇక చదువు సంగతికి వద్దాం. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర దేశమంతా తిరిగి ప్రసంగాలు చేసినప్పుడు మచిలీపట్నం కూడా వచ్చారు. సర్కారు చదువులకు బదులు మన చదువు మనమే పెట్టుకోవాలన్న ఊపు ఆ రోజుల్లోనే పుట్టింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య పూనుకుని 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. అందులో పుస్తకాల చదువుతో పాటు వడ్రంగం, నేత, ఇనుప పని, వ్యవసాయం, చిత్రలేఖనం కూడా నేర్పారు. చేతి పనినీ తలపనినీ ఒకే కప్పు కింద పెట్టిన ఇలాంటి బడి అప్పట్లో తెలుగునాట అరుదు. జర్మనీలో డిజైన్ చదువుకు పుట్టిల్లుగా చెప్పుకునే బౌహౌస్ బడి 1919లో మొదలైంది. రెండూ ఒకటని మేం అనడం లేదు. ఉద్దేశాలు వేరు, కాలం ఒకటి. కానీ వడ్రంగినీ చిత్రకారుణ్ణీ ఒకే చోట కూర్చోబెట్టాలన్న ఆలోచన బందరులో తొమ్మిదేళ్లు ముందే అమలైంది.

ఈ కళాశాలలో పనిచేసిన వాళ్లలో పింగళి వెంకయ్య ఒకరు. 1876 ఆగస్టు 2న బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టారు. దివిసీమలోని పెదకళ్లేపల్లితో, చల్లపల్లితో ఆయన చిన్ననాటి బంధం. దక్షిణాఫ్రికా యుద్ధంలో సైన్యంలో పనిచేశారు. పత్తి మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అయ్యారు, జపాన్ భాష నేర్చి జపాన్ వెంకయ్య అయ్యారు, వజ్రాల గనుల మీద పడి డైమండ్ వెంకయ్య అయ్యారు. చివరికి నిలిచింది జెండా వెంకయ్య అన్న పేరు. 1916లో భారత దేశానికి ఒక జాతీయ జెండా అంటూ ఇంగ్లీషులో పుస్తకం వేశారు. అందులో ముప్పై నమూనాలు ఉన్నాయి. ఆ ముప్పై అన్న అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఈ రోజు ఏ డిజైన్ బడిలోనైనా ఒక లోగో గీయమంటే మాస్టారు ముందు అడిగేది "ఎన్ని రకాలుగా ఆలోచించావు?" అని. ఒక్క బొమ్మ గీసి ఇదే బాగుంది అంటే ఒప్పుకోరు. వెంకయ్యకు ఈ పద్ధతి ఏ విశ్వవిద్యాలయం నేర్పిందో గానీ, ఆయన చేసింది అచ్చంగా అదే.

1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సమావేశం జరిగినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రంగులతో ఆయన జెండా సిద్ధం చేశారు. రాట్నం ఉండాలన్నది జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ సూచన. గాంధీజీ తెలుపు కలపమన్నారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు, మిగిలినవారందరికీ తెలుపు అని అప్పటి లెక్క. ఆ లెక్కలో గిరిజనులం ఎక్కడ ఉన్నామో ఎవరూ విడిగా చెప్పలేదు, బహుశా ఆ తెలుపులోనే సర్దుకోమన్నారు. 1931లో కాషాయం, తెలుపు, ఆకుపచ్చగా మార్చి, రంగులకు మతాల అర్థం లేదని కాంగ్రెస్ తేల్చింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోక చక్రాన్ని పెట్టి జెండాను ఆమోదించింది.

ఆ రోజు సభలో ఆదివాసుల తరఫున జైపాల్ సింగ్ ముండా మాట్లాడారు. జెండా ఎగరేయడం ఏదో నాగరికులకే తెలిసిన విద్య అని సభ్యులు అనుకుంటున్నారేమో, జెండాలు ఎగరేసి వాటికోసం పోరాడటంలో ఆదివాసులే ముందున్నారని ఆయన గుర్తుచేశారు. ఛోటానాగ్‌పూర్ జాతరల్లో ప్రతి ఊరికీ తన జెండా ఉంటుంది, ఒకరి జెండాను మరొకరు అనుకరించడానికి వీల్లేదని వివరించారు. గుర్తు అంటే ఏమిటి, అది ఎవరి సొత్తు అన్నది ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో పెద్ద పాఠం. మనవాళ్లకు అది జాతర నియమం.

జాతీయ కళాశాలకు 1922 ప్రాంతంలో బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ చటర్జీ చిత్రకళ నేర్పడానికి వచ్చారు. అడివి బాపిరాజు, గుర్రం మల్లయ్య వంటివారు ఆయన శిష్యులు. బాపిరాజు ఆ తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. మనకు ఆయన నవలాకారుడిగానే తెలుసు గానీ చిత్రకారుడు, పత్రికా సంపాదకుడు కూడా. అక్షరమూ బొమ్మా రెండూ వచ్చినవాడు ఎంత పని చేయగలడో చూపించిన మనిషి.

ఇప్పుడు అసలు విషయం. మన డెల్టాలో సమాచార రూపకల్పన అంటే ప్రాణాల లెక్క. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నం మీద ఉప్పెన పడింది. సుమారు 30,000 మంది పోయారు. దానికి నాలుగు వారాల ముందే, అక్టోబరు 5న, కలకత్తా మీద మరో పెద్ద తుఫాను పడింది. ఒకే నెలలో రెండు దెబ్బలు తిన్నాక 1865లో కలకత్తా రేవులో తుఫాను హెచ్చరిక పద్ధతి మొదలైంది. తర్వాత మిగతా రేవులకు విస్తరించింది. 1898 నుంచి దేశంలోని రేవులన్నిటికీ ఒకే తీరు గుర్తులు వచ్చాయి. పగలు స్తంభం మీద శంకువులు, పీపాల ఆకారాలు ఎగరేస్తారు. రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు వెలిగిస్తారు. "బందరులో మూడో నంబరు ఎగరేశారు" అని మనం రేడియోలో, టీవీలో వినే మాట అక్కడి నుంచి వచ్చిందే.

ఆ నంబర్లకు అర్థం ఏమిటో మన పేటలో పదిమందిని అడిగి చూడండి. నంబరు పెరిగితే ప్రమాదం పెరుగుతుందని అందరూ చెబుతారు. అది సగమే నిజం. మొత్తం పదకొండు గుర్తులు. ఒకటి, రెండు నంబర్లు దూరంగా సముద్రంలో ఉన్న గాలివాన గురించి. మూడు, నాలుగు రేవుకు ముప్పు రావచ్చని చెప్పేవి. అయిదు, ఆరు, ఏడు ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదం. అయిదుకూ ఆరుకూ తేడా తీవ్రతలో లేదు. తుఫాను రేవుకు ఏ పక్కగా తీరం దాటుతుందన్న దాంట్లో ఉంది. ఎనిమిది, తొమ్మిది కూడా అంతే. ఏడు, పది మాత్రం రేవు మీదుగానో, దాని పక్కనుంచో దాటుతుందని. పదకొండో గుర్తుకు గాలి బలంతో సంబంధమే లేదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక మాకేమీ తెలియదు అని రేవు అధికారి చెప్పే మాట అది.

ఎంత ఆలోచించి చేసిన పద్ధతో చూడండి. కానీ ఎవరికోసం చేశారు? ఓడ కెప్టెన్ కోసం. గాలి ఏ దిక్కు నుంచి తిరుగుతుందో తెలిస్తే అతను లంగరు ఎలా వేయాలో, ఓడను ఎటు తిప్పాలో నిర్ణయించుకుంటాడు. నాగాయలంక పక్కన కాలువలో వల వేసుకుని, పీతలు పట్టుకుని, మట్టి గోడల మీద తాటాకు కప్పు వేసుకుని ఉన్న మనిషికి తెలియవలసింది వేరు. నీళ్లు ఇక్కడిదాకా వస్తాయా? ఎంత ఎత్తు వస్తాయి? ఎప్పటికి వస్తాయి? ఎక్కడికి పోవాలి? ఈ నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ ఆ స్తంభం జవాబు చెప్పదు.

1977 నవంబరు 19న అది తేలిపోయింది. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. దివిసీమ మీదికి దాదాపు అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చింది. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారు పది వేలని సర్కారు లెక్క, అంతకంటే చాలా ఎక్కువని జనం లెక్క. రెండు లెక్కలూ ఉండటమే ఒక విషయం చెబుతుంది. ఏ రిజిస్టరులోనూ పేరు లేనివాళ్లు పోతే ఏ లెక్కలోనూ పడరు. పట్టా లేదు, కార్డు లేదు, గట్టు మీద గుడిసె. అలాంటివాళ్లు మనలోనే ఎక్కువ. తుఫాను సంగతి రేడియోలో చెప్పారు. ఉప్పెన అంటే ఏమిటో, అది ఎంత దూరం లోపలికి వస్తుందో మనిషి కళ్లకు కట్టేలా ఎవరూ చూపించలేదు.

తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు. మచిలీపట్నంలో తుఫానులను పసిగట్టే రాడార్ వచ్చింది. ఇప్పుడు వాతావరణ శాఖ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరికలు ఇస్తోంది, ఫోన్లకు సందేశాలు పంపుతోంది. చాలా మేలు జరిగింది, కాదనం. కానీ నారింజ రంగు వస్తే నువ్వు ఇల్లు వదలాలా, వద్దా అని ఎదురుమొండి దీవిలో ఉన్న అవ్వకు చెప్పే బొమ్మ ఇంకా గీయవలసే ఉంది. షెల్టరు దారి ఎటో, పడవ రేవు ఎటో, పశువుల్ని ఎక్కడ కట్టాలో చూపే పటం ఆ పేట గోడ మీదే ఉండాలి. ఇన్ఫర్మేషన్ డిజైన్ చదివినవాడి పని ఇదే.

ఈ విద్యకు మరో ముఖం కూడా ఉంది, అది మన ఒంటి మీద పడింది. నేరస్థ తెగల చట్టాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు రాజధానిలో ఎరుకలవారి మీద ప్రయోగించారు. 1913లో స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. పేరు రిజిస్టరులో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, ఊరు దాటాలంటే చీటీ చూపించాలన్నారు. ఆ రిజిస్టరు, ఆ వేలిముద్ర కాగితం, ఆ చీటీ, అవీ సమాచార రూపకల్పనే. గళ్లు గీసినవాడు ఒక గడికి "నేరస్థ తెగ" అని పేరు పెట్టాడు, పుట్టిన బిడ్డ ఆ గడిలో పడ్డాడు. వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు యానాదుల కోసం, సంచార తెగల కోసం దశాబ్దాలు పోరాడారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. దరఖాస్తులో ఏ గడి ఉండాలో, ఏది ఉండకూడదో నిర్ణయించే బల్ల దగ్గర మన పిల్ల ఒకతె కూర్చోవాలని మేం అనేది అందుకే.

అదే కాలంలో మంచి ఉదాహరణ కూడా ఉంది. 1951-52 మొదటి సాధారణ ఎన్నికలకు అక్షరం రాని కోట్లమంది ఓటు వేయాలి. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, పెట్టె మీద గుర్తు అంటించారు. ఎద్దుల జత, గుడిసె, కంకి, ఇలా ఇంట్లోనో పొలంలోనో కనిపించే వస్తువులే. తర్వాతి దశాబ్దాల్లో ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేథీ అనే డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిలుతో గీసిన గుర్తులు ఇప్పటికీ బ్యాలెట్ల మీద కనిపిస్తాయి. 1983లో గుడివాడ నుంచి ఎన్.టి. రామారావు పోటీ చేసినప్పుడు సైకిల్ బొమ్మను గోడల మీద పిల్లలు కూడా గీశారు. పార్టీల సంగతి ఇక్కడ మనకు అనవసరం. రెండు చక్రాలు, ఒక చట్రం, ఎవరు గీసినా గుర్తుపట్టవచ్చు, అది ఆ గుర్తు బలం.

బయటి దేశాల్లో ఈ పనిని చదువుగా మలచినవాళ్లలో వియన్నాకు చెందిన ఆటో న్యూరత్‌ను ముందు చెప్పుకోవాలి. 1925లో ఆయన సామాజిక, ఆర్థిక విషయాల మ్యూజియం పెట్టారు. కూలీలకు జీతాలు, జబ్బులు, ఇళ్ల లెక్కలు బొమ్మల్లో చూపించడం దాని పని. ఒక మనిషి బొమ్మ ఇంతమందికి సమానం, ఎక్కువమందిని చూపాలంటే బొమ్మను పెద్దది చేయకూడదు, ఎక్కువ బొమ్మలు వేయాలి అన్నది ఆయన నియమం. ఆ బృందంలో మేరీ న్యూరత్ పని చాలా ఆసక్తికరం. నిపుణుల దగ్గర లెక్కలు తీసుకుని, అందులో జనానికి కావలసింది ఏరి, బొమ్మ ఎలా కూర్చాలో నిర్ణయించేది ఆమే. 1950లలో పశ్చిమ నైజీరియా వెళ్లి అక్కడి రైతుల కోసం, ఆరోగ్యం కోసం ఇలాంటి బొమ్మలు చేశారు. ఆ బృందం కాగితాలు ఇప్పుడు ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అక్షర రూపకల్పనకు, సమాచార రూపకల్పనకు విడిగా ఒక విభాగం ఉన్న విశ్వవిద్యాలయం అది.

మన దగ్గర ఎక్కడ చదవాలి? అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1961లో వచ్చింది. బొంబాయి ఐఐటీలో డిజైన్ కేంద్రం 1969లో మొదలైంది. మనకు దగ్గరలో 2015లో ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ ప్రారంభమైంది. 2019 చట్టంతో దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా వచ్చింది. కమ్యూనికేషన్ డిజైన్, పారిశ్రామిక డిజైన్, వస్త్ర డిజైన్ అక్కడి శాఖలు. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్ ఉన్నాయి. విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయంలో లలిత కళల విభాగం ఉంది. ఇంటర్‌లో ఎంపీసీ చదివితేనే అన్న షరతు ఎన్ఐడీకి లేదు. ఏ గ్రూపు అయినా ఫరవాలేదు. కేంద్ర సంస్థల్లో ఎస్టీలకు ఏడున్నర శాతం సీట్లు ఉన్నాయి. అవి ఎవరివో కాదు, మనవే. ఫీజులు మాత్రం తక్కువేం కాదు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం ముందే సిద్ధం చేసుకుని స్కాలర్‌షిప్పుల గడువులు చూసుకోవాలి. ఆ పత్రం కోసం తిరిగే తిరుగుడు ఎంతో మన ఇళ్లలో అందరికీ తెలుసు, కాబట్టి పరీక్ష రాసే ఏడాది కాకుండా అంతకు ముందటి ఏడాదే మొదలుపెట్టండి.

కంప్యూటర్ లేదే అని వెనకాడవద్దు. తెలుగు అక్షరాలతో పని మొదలుపెట్టాలంటే ఉచిత ఫాంట్లు ఉన్నాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన వాటిలో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మండలి అనే ఫాంట్ ఒకటి. అవనిగడ్డకు చెందిన మండలి వెంకట కృష్ణారావు పేరు మీద వచ్చిన అక్షరం అది. ఫోన్లో కూడా వాడుకోవచ్చు. గోండుల గుంజాల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆదిలాబాద్‌లోని ఒక చిన్న ఊళ్లో పాత ప్రతుల్లో ఉన్న అక్షరాలు ఇప్పుడు కంప్యూటర్ ఎక్కాయి. ఎరుకల భాషకు లిపి లేదు. తెలుగు లిపిలో దాన్ని తప్పు లేకుండా రాయాలంటే ఏ గుర్తులు అదనంగా కావాలన్నది ఎవరైనా ఒక ప్రాజెక్టుగా చేయదగ్గ పని.

ఎన్ఐడీ ప్రవేశం రెండు మెట్లు. మొదటిది రాత పరీక్ష, బొమ్మలు గీయడం కూడా అందులోనే. అది దాటితే స్టూడియో పరీక్ష. అక్కడ కాగితం, తీగ, మట్టి వంటి సరుకు ఇచ్చి ఏదో ఒకటి చేసి చూపించమంటారు. ఈత బరికెలతో బుట్ట అల్లడం, వల ముడి వేయడం, అద్దాల రవిక కుట్టడం ఇంట్లో చూసి పెరిగినవాళ్లు ఆ గదిలోకి ఉత్త చేతులతో వెళ్లరు. మిగిలింది రోజూ గీయడం. మీ పేట పటంతో మొదలుపెట్టండి: ఇళ్లు ఎన్ని, బోరింగు ఎక్కడ, గట్టు ఎటు, నీళ్లు వస్తే షెల్టరుకు దారి ఏది. గీసింది పక్కింటి అమ్మమ్మకు చూపించి, నోరు విప్పకుండా, ఆవిడకు ఏం అర్థమైందో అడగండి. అర్థం కాకపోతే మళ్లీ గీయండి.